పళ్ళ డాక్టరు కొనబోయిన ఇల్లు

ఆ శనివారానికి ఆ భార్యాభర్తలిద్దరూ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆవిడ ఆరున్నరకల్లా ల్యాబుకి వెళ్ళి, పదింటికి డ్యూటీ దిగి, అటునుంచి అటే ఇల్లు అమ్ముతున్న హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గరికి వస్తుంది. ఆయన తీరిగ్గా స్నానం చేసి, అడ్వాన్సు చెక్కు జేబులో పెట్టుకుని, అదే వేళకు అక్కడికి చేరతాడు. ఇద్దరూ కలిసి గుమ్మంలో నిలబడి "ఇల్లు నచ్చింది, మేం తీసుకుంటాం" అంటారు. నాలుగే మాటలు. ఆ నాలుగు మాటల దాకా రావడానికి వాళ్ళకు నాలుగేళ్ళు పట్టింది.

ఆలస్యం ఆవిడది కాదు. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. రోజుకు అరవై చేతులు పట్టుకుని, అరవై నరాలు వెతికి, సూది గుచ్చి తీసే మనిషి. పేషెంట్లు ఆవిణ్ణి సూదమ్మ అంటారు. నరం దొరికాక కూడా ఆలోచిస్తూ కూర్చుంటే పేషెంటు కళ్ళు తిరిగి పడిపోతాడన్నది ఆవిడ అనుభవం. ఆలస్యమంతా ఆయనది. ఆయన ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడరు. తప్పులు పట్టి జీతం తీసుకునే ఆ మనిషికి ఆ అలవాటును ఆఫీసు గుమ్మంలో వదిలి రావడం చేతకాలేదు. అక్కడ అందరూ ఆయన్ని భూతద్దం అని పిలుస్తారు. ఎదురుగానే పిలుస్తారు, ఆయన పలుకుతాడు కూడా.

నాలుగేళ్ళలో భూతద్దం నలభై రెండు ఇళ్ళు చూశాడు. ఒకదానికి బాత్‌రూం తలుపు బయటికి తెరుచుకుంటుంది, లోపలున్నవాడికి రక్షణ లేదన్నాడు. ఇంకోదానికి పంతొమ్మిది మెట్లు, కుడికాలితో మొదలుపెట్టినవాడు కుడికాలితోనే ముగించాల్సి వస్తుంది, ఎడమకాలికి అన్యాయం అన్నాడు. మరొకటి ఆవిడకు ప్రాణంగా నచ్చింది, ఆయనకీ అన్నీ కుదిరాయి. తీరా చూస్తే ఎదురింటి నేమ్‌ప్లేటు మీద "న్యాయవాది"లో యావత్తు లేదు. రోజూ పొద్దున్నే తలుపు తీసి ఆ తప్పు ముఖం చూడడం తన వల్ల కాదని వచ్చేశాడు. ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. లాభం లేకపోయింది. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషికి కోడిని చూపించి ప్రయోజనమేముంది?

ఈలోగా కాపురం అద్దె ఇళ్ళలోనే సాగుతోంది. పదకొండేళ్ళలో ఏడు ఇళ్ళు. ఇప్పటి ఓనరు పై వాటాలో ఉంటాడు. గోడకు మేకు కొట్టకూడదు, తొమ్మిది దాటాక పంపు తిప్పకూడదు, చుట్టాలు రెండు పూటలకు మించి ఉండకూడదు. నెలకోసారి వచ్చి గోడలు తడిమి చూసి వెళతాడు. వాళ్ళ పెళ్ళి ఫోటో ఏడిళ్ళుగా గోడకు ఆనించి నేల మీదే ఉంది. దాన్ని తుడిచినప్పుడల్లా సూదమ్మ వంగాలి. వంగిన ప్రతిసారీ ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

హెడ్‌మిస్ట్రెస్ గారి ఇల్లు నలభై మూడోది. ఆవిడ రిటైరై నాలుగేళ్ళయింది, మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు, అందుకని చెల్లెలింటి పక్కనే నేలమట్టంగా ఉన్న చిన్న ఇల్లు చూసుకుని దీన్ని అమ్మేస్తున్నారు. మూడంతస్తుల భవనంలో నడిమి వాటా. రెండు గదులు, ఒక హాలు, వీధివైపు బాల్కనీ, హాల్లోంచి బాల్కనీలోకి చూసే పెద్ద కిటికీ. భూతద్దం ఆ ఇంటిని మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ పెద్దగా ఏమీ అనలేదు. అనకపోవడాన్నే సూదమ్మ అంగీకారంగా రాసేసుకుని, శనివారం వస్తున్నామని ఫోన్ చేసి చెప్పేసింది.

శనివారం ఆరింటికి ఆవిడ అద్దం ముందు జడ వేసుకుంటోంది. ఆయన మంచం అంచున కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"రాత్రంతా ఒకటే ఆలోచన. ఆ వంటింటి కిటికీ ఉంది చూశావూ…" అని మొదలుపెట్టాడు.

ఈ ఎత్తుగడ ఆవిడకు కొత్త కాదు. దీని తరవాత ఏమొస్తుందో కూడా తెలుసు. ల్యాబులో మొండి పేషెంటు దొరికితే ఆవిడ సూది గురించి మాట్లాడదు. అతని చూపు వేరే వైపు మళ్ళిస్తుంది. చేతికి అలవాటైన పని నోటికీ వచ్చేసింది.

"సరేలెండి, వద్దనుకుందాం. ఎలాగూ దాన్ని ఆ పళ్ళ డాక్టరు తీసుకునేలా ఉన్నాడు" అంది, జడ వైపే చూసుకుంటూ.

"ఏ పళ్ళ డాక్టరు?"

ఏ పళ్ళ డాక్టరో ఆవిడకూ తెలియదు. అయినా ఒకసారి దిగాక మోకాలి లోతైతేనేం, పీకలోతైతేనేం అనుకుంది. నిన్న ఎవరో ల్యాబులో చెప్పారంది. టేపు పెట్టి ఇల్లంతా కొలిచాడట. హాలుకీ బాల్కనీకీ మధ్య గోడ పగలగొట్టి క్లినిక్ పెడతాడట. ఆ పెద్ద కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని పేషెంటు కుర్చీ అక్కడే వేస్తాడట. ఇంత చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని, పదింటికి కలుద్దాం, ఈలోగా డాక్టరు కొనెయ్యకపోతే చూద్దాం అని గుమ్మం దిగిపోయింది. మందు పడింది, పదింటికల్లా పనిచేస్తుంది అనుకుంది. మోతాదు ఎక్కువైందని అప్పటికి తెలియదు.

భూతద్దం ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మూడోసారి ఆ ఇల్లు చూసినప్పుడు ఆయన మనసులోనే తన బల్లని ఆ కిటికీ కింద వేసుకున్నాడు. బల్ల మీద దీపం పెట్టుకున్నాడు. ఎడమవైపు నిఘంటువులు సర్దుకున్నాడు. ఇప్పుడక్కడ ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు వెల్లకిలా పడుకుని నోరు తెరుస్తాడా? కాఫీ గ్లాసు అలాగే కింద పెట్టాడు. స్నానం మాట మరిచిపోయాడు, చెక్కు మాత్రం జేబులో వేసుకున్నాడు. నలభై రెండు ఇళ్ళను తనే వద్దన్నాడు. ఒక ఇల్లు తనకి దక్కకుండా పోవడం మాత్రం ఇదే మొదటిసారి, అది వేరే రకం నొప్పి. ఏడున్నరకి హెడ్‌మిస్ట్రెస్ గారి తలుపు కొడుతున్నాడు.

ఆవిడ హాల్లో కింద కూర్చుని గ్లాసులను పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పెడుతున్నారు. పాత విద్యార్థి ఎవరో ఆలస్యంగా పరీక్ష హాలుకి వచ్చినట్టు ఆయన్ని కళ్ళజోడు పైనుంచి చూశారు. ఆయన ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాడు. డాక్టరు, టేపు, గోడ, కిటికీ దగ్గర కుర్చీ. ఆవిడకు ఏ డాక్టరూ తెలియదు. కాని ఇలాంటి పనులు చేసే మనిషి ఒకడు తెలుసు. రెండు నెలల క్రితం ఒక బ్రోకర్ని పెట్టుకుని, వారానికే పంపించేశారు. ఎదురింటి నీళ్ళ ట్యాంకు కనబడుతుంది కదా అని అతను ప్రకటనలో "జలదృశ్యం గల బాల్కనీ" అని రాయించాడు. వాడే తన వెనకాల ఇంకా బేరాలు నడుపుతున్నాడని ఆవిడ నిర్ణయించేసి, ఫోన్ తీసి బాల్కనీలోకి నడిచారు. ముప్ఫై రెండేళ్ళు యాభై మంది పిల్లల మీదుగా మాట్లాడిన గొంతు అది. ఫోన్ లేకపోయినా బ్రోకరుకి వినిపించేదే.

"గోడ పగలగొట్టి ఇక్కడ క్లినిక్ పెడతాడా నీ పళ్ళ డాక్టరు? నా ఇంట్లో నన్నడక్కుండా టేపు పెట్టి కొలవడానికి ఎవరిచ్చారు నీకు అధికారం?" అని నిలదీశారు.

ఆ బ్రోకరుకి వృత్తిరీత్యా ఒక నియమం ఉంది. తెలియదు అన్న మాట నోట రానివ్వడు. డాక్టరు ఊసే అతను వినలేదు. అయినా ఒక్క క్షణం తడబడకుండా, డాక్టరు గారు చాలా మంచి పార్టీ అనీ, పదకొండింటికి వస్తామన్నారనీ, మేడం కోప్పడకుండా ఒక్కసారి మాట్లాడితే చాలనీ అన్నాడు.

ఆవిడ బాల్కనీలోంచే "పదకొండింటికి వస్తాడట" అని కేకేశారు.

భూతద్దానికి ఏ మూలో మిగిలిన కాస్త అనుమానం కూడా దాంతో పోయింది. తిన్నగా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. ఇల్లు ఎవరిదో తేలేదాకా అక్కణ్ణుంచి లేచేది లేదన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు స్టూలు తెచ్చి వేశారు. స్టూలు మీద కూర్చుంటే అతిథిలా కనిపిస్తానని, గచ్చు మీదే కూర్చుంటానన్నాడు. ఆవిడకు ఆ మాట నచ్చింది. పైకి మాత్రం గ్లాసులు చుట్టుకోవడానికి దారి వదలమన్నారు.

బాల్కనీలో ఆవిడ వేసిన కేక కింది వాటాలో కాపురమున్న రిటైర్డ్ స్టేషన్ మాస్టరు చెవిన పడింది. ఆయనకు వినబడ్డవి నాలుగే ముక్కలు: పళ్ళ డాక్టరు, గోడ, క్లినిక్, పదకొండు. జీవితమంతా రైళ్ళ రొదలో బతికి, చివరికింత ప్రశాంతత కొనుక్కున్న మనిషి ఆయన. తలమీదుగా పొద్దస్తమానం డ్రిల్లు గీపెట్టడం, మెట్ల మీద చెంపలు పట్టుకుని జనం మూలగడం ఊహించుకున్నాడు. కేలండరు అట్ట చింపి, వెనక వైపు లావాటి అక్షరాలతో "ఇది కాపురముండే ఇల్లు, ఆస్పుత్రి కాదు" అని రాసి, కర్రకు తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. పైనుంచి చూసిన భూతద్దం రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. తరవాత చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగి, పెన్ను తీసి "ఆసుపత్రి" అని దిద్ది, మళ్ళీ పైకి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

ఆ అట్ట మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. పై వాటాలో బట్టలు కుట్టే టైలరమ్మకు నాలుగు రోజులుగా దవడపన్ను సలుపుతోంది. పాలకని దిగి, గేటు దగ్గర అట్ట చదివి, స్టేషన్ మాస్టర్ని అడిగి విషయం తెలుసుకుంది. ఆయన వ్యతిరేకించాడన్న సంగతి ఆవిడ తలకెక్కలేదు. పదకొండింటికి పళ్ళ డాక్టరు వస్తున్నాడన్నది ఎక్కింది. చెంపకి రుమాలు కట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంది. కూర్చున్న మనిషిని చూసి పక్క భవనం నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళను చూసి మరో ముగ్గురు. పదయ్యేసరికి మెట్ల మీద వరస తయారైంది. చివర చేరిన పెద్దాయన టోకెన్లు ఎక్కడిస్తారని అడుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడు సూదమ్మ వచ్చింది. ఆఖరి పేషెంటుకు నరం దొరక్క పది నిమిషాలు ఆలస్యమైంది. ఆ హడావిడిలో తెల్లకోటు విప్పడం మరిచిపోయింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. గేటు దగ్గర అట్ట పట్టుకున్న పెద్దమనిషి అడ్డం వచ్చి, కోటునూ డబ్బానూ కిందికీ పైకీ చూశాడు.

"డాక్టరమ్మా, చదువుకున్నవాళ్ళు మీరు, ఆలోచించండి" అన్నాడు.

ల్యాబులో కూడా సగం మంది డాక్టరమ్మా అనే పిలుస్తారు కాబట్టి ఆవిడకు అందులో వింతేమీ కనిపించలేదు. తనకు పైన రెండు నిమిషాల పనే ఉందని చెప్పింది. రెండు నిమిషాలనే మొదలవుతుందని, తరవాత గోడలు పగులుతాయని ఆయన అన్నాడు. ఈయనకు కాస్త మతి చలించిందేమోనని జాలిపడి పక్కనుంచి దూరి మెట్లెక్కింది. రెండో మెట్టు మీదే టైలరమ్మ ఆవిడ కొంగు, అంటే కోటు, పట్టుకుని ఆపి, రుమాలు విప్పి నోరు తెరిచింది. బాధలో ఉన్న మనిషిని చూసీ చూడనట్టు పోవడం సూదమ్మకు చేతకాదు. వంగి లోపలికి చూసి, "బాగా వాచిందమ్మా, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నారా?" అంది. దాంతో ఇంకెవరికీ ఏ సందేహమూ మిగల్లేదు. వరసంతా లేచి నిలబడింది.

అదే వేళకు బ్రోకరు స్కూటరు దిగాడు. తెల్లకోటును చూడగానే అతని ముఖం విప్పారింది. పదేళ్ళ పరిచయం ఉన్నట్టు రెండు చేతులూ జోడించి, "డాక్టరమ్మా, మీరే ముందొచ్చేశారు. ఫోన్ చేసింది నేనే. రండి, మేడం గారు కోప్పడతారు గాని మనసు వెన్న" అని ఆవిడ ముందు నడిచాడు. ఈ మనిషిని ఆవిడ జన్మలో చూడలేదు. అప్పటికి గాని, మెట్ల మీద, చెంపలు పట్టుకున్న జనం మధ్య, ఇదంతా ఎక్కణ్ణుంచి మొదలై ఉంటుందో సూదమ్మకు తట్టలేదు. నేను డాక్టర్ని కాదు అంటే, మరి డాక్టరెక్కడ అని అడుగుతారు. డాక్టరే లేడంటే, పైన ఆయన ఉన్నాడు. వెనక్కి తిరిగి పోదామంటే మెట్ల మీద ఆరుగురు ఉన్నారు. ఇక పైకే నడిచింది.

గుమ్మంలో భూతద్దం తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. రెండున్నర గంటలుగా ఒకటే ఉపన్యాసం మనసులో రాసి, దిద్ది, మళ్ళీ రాస్తున్నాడు. తెల్లకోటు అంచు కళ్ళ ముందుకు రాగానే తల ఎత్తకుండా మొదలుపెట్టాడు.

"డాక్టరు గారూ, మీకు డబ్బుండచ్చు, పేరుండచ్చు. ఈ కిటికీ మాత్రం ఇవ్వను. నా బల్ల అక్కడ వేసేశాను. నన్ను దాటి గోడ మీద చెయ్యి వెయ్యండి చూద్దాం."

తల ఎత్తాడు. భార్య.

ప్రూఫ్ రీడర్లకు ఒక పేజీ అంతా ఒక్క చూపులో అర్థమయ్యే క్షణాలు ఉంటాయంటారు. ఆయన కోటునూ, డబ్బానూ, పక్కన వినయంగా ఒంగి ఉన్న బ్రోకర్నీ, వెనక మెట్ల మీది జనాన్నీ వరసగా చూశాడు. ఏదో అనబోయాడు. ఈలోగా వెనక నుంచి హెడ్‌మిస్ట్రెస్ గారు "సైలెన్స్" అన్నారు. కింద గేటు దగ్గర స్టేషన్ మాస్టరు కూడా మాట ఆపేశాడు.

విచారణ కింది మెట్టు నుంచి మొదలైంది. టోకెను పెద్దాయన టైలరమ్మను చూపించాడు. టైలరమ్మ స్టేషన్ మాస్టర్ని చూపించింది. స్టేషన్ మాస్టరు మర్యాద వదలకుండా హెడ్‌మిస్ట్రెస్ గారినే చూపించాడు. ఆవిడ బ్రోకరు వైపు తిరిగారు. మేడం నోటి నుంచి విన్నాకే తను తెలుసుకున్నానని బ్రోకరు మొదటిసారి నిజం చెప్పాడు. మేడం గుమ్మంలో కూర్చున్న మనిషిని చూశారు. గుమ్మంలో మనిషి భార్యను చూశాడు. సూదమ్మ చూడడానికి ఎవరూ మిగల్లేదు.

ఆవిడ డబ్బాను గచ్చు మీద పెట్టింది.

"అవును, నేనే. పళ్ళ డాక్టరూ లేడు, పంటి డాక్టరూ లేడు. పొద్దున్నే జడేసుకుంటూ పుట్టించాను. నాలుగేళ్ళు, నలభై రెండిళ్ళు. ప్రతిదానికీ ఈయన ఏదో ఒకటి అంటారు, నేను సరేనంటాను. మళ్ళీ ఆ ఓనరు వచ్చి మా గోడలు తడుముతాడు. ఈ ఇంటికి కూడా సరేనంటే ఇంక జన్మలో ఏ గోడా నాది కాదు. తప్పే. కాని మళ్ళీ అవసరమైతే మళ్ళీ ఆడతాను, ఈసారి కంటి డాక్టరని చెప్తాను."

ఎవరూ నవ్వలేదు. టైలరమ్మ నవ్వాలనుకుంది గాని దవడ సహకరించలేదు. భూతద్దం లేచి నిలబడ్డాడు. పాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు. ఆయన కోప్పడతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన గొంతు తగ్గించి, భార్యతో కాకుండా ఇంటితో చెబుతున్నట్టు మాట్లాడాడు.

"చిన్నప్పుడు తొమ్మిదిళ్ళు మారాం. ప్రతి ఇల్లూ నాకు నచ్చేది. నచ్చి, ఇది నా మూల, ఇది నా గూడు అనుకునేసరికి ఖాళీ చెయ్యమనేవాళ్ళు. అందుకే ఎక్కడ అడుగుపెట్టినా ముందు ఏం బాలేదో వెతుక్కుంటాను. బాలేని ఇల్లు వదిలెయ్యడం తేలిక. ఈ ఇంట్లోనూ మూడుసార్లు వెతికాను. చాలానే దొరికాయి. అయినా నచ్చింది. అక్కడే నాకు భయమేసింది."

సూదమ్మకు ఆ తొమ్మిదిళ్ళ సంగతి పదకొండేళ్ళలో ఎప్పుడూ తెలియదు. ఆవిడ ఆయన పక్కకు వెళ్ళి, గుమ్మంలో ఇద్దరికీ చోటు చాలకపోయినా, అక్కడే ఇరుక్కుని నిలబడింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఆరేళ్ళ క్రితం బడి జీతంతో ఈ ఇల్లు కొన్నప్పుడు అన్నయ్య దగ్గర్నుంచి తోటి టీచర్ల దాకా ఒకటే ప్రశ్న అడిగారని చెప్పారు: ఒంటరిదానివి, నీకు ఇల్లెందుకని.

"ఏమన్నారు మీరు?" అని సూదమ్మ అడిగింది.

"తలుపు వేసుకోవడానికి అన్నాను. ఇరవై ఆరేళ్ళు వేసుకున్నాను కూడా." ఆవిడ బ్రోకరు వైపు చూసి, ఇంక వెళ్ళవచ్చన్నట్టు చెయ్యి ఊపారు. "కాగితం తెస్తాను, ఉండండి. ఇల్లు వీళ్ళది."

కథ ఇక్కడితో ఒడ్డెక్కాల్సింది. కాని బ్రోకరు వెళ్ళకుండా నీళ్ళు నములుతున్నాడు. పొద్దున్న ఫోన్ పెట్టేశాక అతను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డాక్టరు ఉన్నారని చెప్పేశాడు కాబట్టి ఉండి తీరాలనుకుని, వరసగా పళ్ళ ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేశాడు. ఎనిమిదో చోట ఫోనెత్తిన రిసెప్షనిస్టు, డాక్టరు గారు క్లినిక్ కోసం చోటు వెతుకుతున్నారు, పదకొండింటికి వస్తారు అంది. ఆడో మగో అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. గోడ గడియారం పదకొండు కొట్టడం, కింద కారు ఆగడం ఒకేసారి జరిగాయి. బట్టతల, బుగ్గమీసాలు, చేతిలో పొడవాటి టేపు ఉన్న ఒక పెద్దమనిషి మెట్లెక్కుతూ, బ్రోకరు డాక్టరు గారూ అనగానే ఇంతమంది లేచి దండం పెట్టడం చూసి, ఈ ప్రాంతంలో పళ్ళకు మంచి గిరాకీ ఉందని సంతోషించాడు.

సూదమ్మ ముఖం పాలిపోయింది. తను అల్లిన మనిషి టేపుతో సహా నడిచి వచ్చాడు. నిజంగానే గోడ ఎక్కడ పగలగొట్టవచ్చో చూస్తూ, కొట్టవలసిన చోటల్లా వేలి కణుపులతో తట్టాడు. దంతాలను తట్టినట్టే తట్టాడు. తట్టినకొద్దీ ముఖం చిట్లించాడు. వంటగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడేనన్నాడు.

"ఎండ పడదు. వేసవిలో వంట చేసేవాళ్ళకు తెలుస్తుంది దాని విలువ" అన్నాడు భూతద్దం.

నేల ఒకవైపు వాలుగా ఉందన్నాడు డాక్టరు. కడిగిన నీళ్ళు వాటంతటవే బయటికి పోవడానికే ఆ వాలన్నాడు భూతద్దం. బీరువా వెనక చెమ్మ. వానాకాలం పోగానే ఆరిపోతుంది. పడకగది తలుపు కిర్రుమంటోంది. ఎవరు వచ్చారో తెలుస్తుంది, కుక్కను పెంచే ఖర్చు లేదు. పదేళ్ళుగా ఇంకొకరి తప్పులు ఏరిన మనిషి ఇప్పుడు ఒక్కో తప్పుకీ ఎదురు నిలబడి, ఛాతీ విరిచి జవాబు చెబుతుంటే, హెడ్‌మిస్ట్రెస్ గారు లోపలి నుంచి తెచ్చిన తెల్లకాగితం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. చివరికి డాక్టరు టేపు చుట్టేసి, విసుగ్గా అడిగాడు.

"ఇంతకీ మీరెవరండీ, ఓనరా?"

"అవును" అన్నాడు భూతద్దం. అందుకు ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

డాక్టరు వెళ్ళిపోయాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు అట్టపెట్టె మీదే కాగితం పెట్టుకుని, గుండ్రటి చేతిరాతతో నాలుగు వాక్యాల ఒప్పందం రాశారు. భూతద్దం చదివాడు. మూడో వాక్యంలో ఒక అక్షరం తప్పుంది. పెన్ను అక్కడి దాకా వెళ్ళి ఆగింది. ఆవిడ కాగితం వైపు కాక, ఇరవై ఆరేళ్ళు వేసుకున్న తలుపు వైపు చూస్తున్నారని ఆయన అప్పుడే గమనించాడు. అక్షరాన్ని అలాగే వదిలేసి కింద సంతకం పెట్టి, అడ్వాన్సు చెక్కు ఆవిడ చేతికిచ్చాడు. సూదమ్మ ఆయన పేరు పక్కనే సంతకం పెట్టి, ఆ కాగితాన్ని ఎక్కడ భద్రపరచాలో తెలియక టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. తమ ఇంటి మెట్లు దిగుతున్నామన్న మాట ఎవరూ పైకి అనలేదు. అంటే ఎవరైనా వచ్చి ఖాళీ చెయ్యమంటారేమోనని ఇద్దరికీ ఇంకా కాస్త బెరుకుగానే ఉంది.

కింది వాటా ముందు ఆ సరికే ఇంకో కథ నడిచిపోయింది. వెళ్ళిపోతున్న డాక్టర్ని స్టేషన్ మాస్టరు గేటు దగ్గర నిలేసి, గట్టిగా నాలుగు మాటలు అనబోయాడు. రెండో మాటకే ఆయన కట్టుడుపళ్ళు టకటకమని జారాయి. డాక్టరు ఊరుకోలేక ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఐదు నిమిషాల్లో వాటిని సరిచేసి ఇచ్చాడు. ఆరేళ్ళ తరవాత స్టేషన్ మాస్టరు గట్టిగా కొరకగలిగాడు. డాక్టరు చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి, వీధివైపు ఖాళీగా పడి ఉన్న రెండు గదులనూ చూశాడు. టైలరమ్మ ముందుగా నోరు తెరిచింది. వరసంతా మెట్ల మీద నుంచి అరుగు మీదికి మారింది. నలుగురూ కాపురముండే చోట ఒక డాక్టరుంటే మంచిదేగా అని స్టేషన్ మాస్టరు అందరితోనూ అన్నాడు.

నెల తిరిగేసరికి సూదమ్మా భూతద్దమూ సామాన్లతో వచ్చి దిగారు. మొదటి రోజే ఆవిడ అన్ని గోడలకూ మేకులు కొట్టింది, అవసరం లేని చోట కూడా. ఆయన బల్లను కిటికీ కింద వేసుకున్నాడు. సరిగ్గా తొమ్మిదింటికి కింద డ్రిల్లు మొదలై, నేలలోంచి బల్ల కాళ్ళలోకి, బల్ల కాళ్ళలోంచి పెన్నులోకి పాకుతుంది. ఆయన ఇంతవరకు ఆ శబ్దాన్ని ఒక్క మాట అనలేదు.

అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. సూదమ్మ ఆడింది మాత్రం కింది వాటాలో అద్దెకు దిగింది.